ఓబులమ్మ చేను బేరం

ఎర్రకొండ కింద అడవిలో జంతువులన్నిటికీ తలా కాస్త నేల ఉండేది, ఒక్క గాడిద ఓబులమ్మకు తప్ప. చాకిరేవుకు మూటలు మోసి మోసి ఆమె వీపు కాయలు కాసింది. కూలికింద వచ్చిన ఉలవలు పన్నెండేళ్ళు కూడబెట్టి రెండు బస్తాలు చేసింది.

"చచ్చేలోగా నా చేలో నా గడ్డి మేస్తాను" అని పట్టుబట్టింది.

ఆ మాట చెవిన పడగానే నక్క మారెప్ప పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, నా చేనుంది. నల్లరేగడి, పక్కనే బావి. ఇవాళ ఖాయం చేసుకోకపోతే ఎలుగుబంటి కొనేస్తాడు."

"కొంటే కొననీ. దూరపు కొండలు నునుపు. ముందు చూద్దాం పద."

నడి ఎండాకాలం. బావిలోంచి కప్పలు బెకబెకమంటున్నాయి.

"విన్నావా? నీళ్ళు లేకుండానే అరుస్తాయా?" అన్నాడు మారెప్ప.

ఓబులమ్మ తొంగి చూసింది. లోపలంతా చీకటి. "చేద ఏది?"

"తాడు తెగిందక్కా. రేపు తెస్తా."

"బండికి దారి?"

"పంది గట్టు మీదుగా. మనవాడే."

ఓబులమ్మ వెళ్ళి పందినే అడిగింది.

"గట్టు మీద కాలు పెడితే కోరతో చీరేస్తా!" అన్నాడు పంది.

"వాడి నోరే అంత. నువ్వు బస్తాలు తెచ్చెయ్యి" అని నవ్వాడు మారెప్ప.

"తెస్తాను. తాడు వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను. నువ్వూ కూర్చో. మొదటి చేద నువ్వు తాగాలి, రెండోది నేను."

సాయంత్రానికి విసిగి తనే లేస్తుందిలే అనుకుని, బేరం చేజారకుండా మారెప్ప కూడా కూర్చున్నాడు. ఓబులమ్మ లేవలేదు. ఎండకూ దాహానికీ ఆరితేరిన ప్రాణం. మర్నాడు మధ్యాహ్నానికి నక్క నాలుక బయటికి వేలాడింది. అప్పుడు బావిలోంచి కప్పల ఏడుపు వినబడింది.

"మారెప్పా! ఒక్కపూట అరిస్తే చాలన్నావు. నువ్వు దింపిన కుండలో తడి ఆరిపోయింది. ఇక్కడ చుక్క నీళ్ళు లేవు. పైకి లాగు, చస్తున్నాం!"

మారెప్ప అక్కడ ఉంటేగా! తోక ముడిచి వాగు వైపు పరుగు తీశాడు.

బావి పక్క పొద చాటున నక్క దాచి కట్టిన తాడును ఓబులమ్మ పళ్ళతో పట్టి కుండ పైకి లాగింది. కప్పల్ని వాగుకు మోసుకెళ్ళి దించింది. అక్కడే తాబేలు రామక్క చేను అమ్ముతోందని అవే చెప్పాయి. రాళ్ళ నేల. కానీ గట్టు పక్కనే వాగు, ముందు బండిబాట. ఓబులమ్మ చూసింది, నీళ్ళు తాగింది, ఉలవల బస్తాలు తెచ్చి తాబేలు ముందు దించింది.

"ఇన్ని రాళ్ళున్నాయి కదమ్మా?" అని తాబేలే జాలిపడింది.

"రాళ్ళైతే ఏరి పారేస్తాను. నీళ్ళు ఎక్కడినుంచి ఏరుకురాను?" అని ఓబులమ్మ మొదటి రాయికి మూతి ఆనించింది.

నేల కొనేముందు ఆ నేల నీళ్ళు తాగి చూడాలి.