కరివేపాకు కుండీ ఎత్తు

పాతాళంలో ఉన్న నీళ్లను డెబ్భై సెంటీమీటర్లు పైకి లేపిన మొనగాడు జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడనీ, అతని పేరు భార్గవ అనీ ఆ ఉదయం క్యాంపులో అందరికీ తెలిసిపోయింది. చెప్పింది భార్గవే. చెబుతున్నప్పుడు అతని మొహం నిండా సబ్బు ఉంది. కుళాయిలో నీళ్లు ఆగిపోయాయి. ఎవరైనా చెంబెడు నీళ్లు తెచ్చిపోస్తారేమోనని కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు.

యూనివర్సిటీలో భూగర్భజలాల పాఠం చెప్పేవాళ్లలో అతను అందరికన్నా చిన్న. వయసులోనూ, ఎత్తులోనూ. ఏటా పదిరోజులు విద్యార్థులను కదిరి వైపు పల్లెలకు తీసుకొచ్చి, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలవడం నేర్పిస్తారు. ఇరవై ఏడేళ్లుగా ఆ పని చౌడప్ప సారుది. భార్గవ చేతికి మొదటిసారి టేపు ఇచ్చిందీ ఆయనే. సారు నోట ఒక్క మెచ్చుకోలు రాలితే చాలని భార్గవ ఎదురుచూడబట్టి ఆరేళ్లయింది.

ఈసారి రాలుతుందనే అనుకున్నాడు. పోయిన ఏడాది ఓబుళమ్మ చేలో, బోరు పక్కనే, పిల్లలతో ఇంకుడు గుంత తవ్వించాడు. అప్పుడు నీళ్లు ఇరవై ఒక్క మీటర్ల నలభై సెంటీమీటర్ల లోతున ఉండేవి. నిన్న కొలిస్తే ఇరవై మీటర్ల డెబ్భై. మూడుసార్లు కొలిచాడు, మూడుసార్లూ అదే.

నీళ్లు పెరిగాయన్న మాట కోసమే కాచుకుని ఉంది ఓబుళమ్మ. ఎకరన్నరలో చీనీ, అదే బత్తాయి, మొక్కలకు గుంతలు తవ్వించుకుంది. నీళ్లు చాలకపోతే మూడో ఏటికే తోట ఎండుతుందని ఆమెకు తెలుసు, ఒకసారి ఎండగొట్టుకున్న మనిషే. పెట్టమంటావా సామీ అని అడిగితే, నిశ్చింతగా పెట్టుకోమన్నాడు భార్గవ. ఈ మధ్యాహ్నానికి మొక్కల ఆటో వస్తుంది.

సంగతంతా విని చౌడప్ప సారు భేష్ అనలేదు. నేనూ ఒకసారి చూస్తాను పద, అన్నారు.

ఆ బోరు వంక ఒడ్డున ఉంది. వంక పొంగినా మురికినీళ్లు లోపలికి దిగకూడదని, తవ్వినప్పుడే ఇనుప పైపును నేలపైకి బాగా ఎత్తుగా వదిలారు. లోతు కొలిచేది ఆ పైపు మూతి నుంచే. కొలిచాక సారు మూత బిగించి, దానిమీదే పుస్తకం పెట్టుకుని, నిలబడి అంకెలు రాసుకునేవారు. అది ఆయన బల్ల.

ఆ రోజూ కొలిచారు. ఇరవై మీటర్ల డెబ్భై. చూడకుండానే, అలవాటుగా, పుస్తకాన్ని బల్ల మీద పెట్టారు. పుస్తకం నేలమీద పడింది.

పిల్లలు నవ్వు ఆపుకున్నారు. సారు మోకాలెత్తు పైపు వైపు కాసేపు చూసి, మెల్లగా గొంతుక్కూర్చుని, దానిమీద పుస్తకం పెట్టి రాసుకున్నారు.

"మీకు వయసైపోయింది సార్" అన్నాడు భార్గవ చనువుగా.

"నాకొక్కడికేనా?" అన్నారు ఆయన, రాస్తూనే.

అక్కడి నుంచి ఓబుళమ్మ ఇంటికి వెళ్లారు. అందరికీ మజ్జిగ ఇచ్చింది. వాకిట్లో కరివేపాకు మొక్క ఒకటి ఏపుగా ఉంది. దానికి కుండీ, మట్టి నింపి నిలబెట్టిన ఇనుప పైపు ముక్క. సారు గ్లాసు కడిగిన నీళ్లు దాని మొదట్లో పోశారు.

"భార్గవా, టేపు తెచ్చి ఈ కుండీ ఎత్తు కొలువు."

"కరివేపాకుదా సార్?"

"కుండీది."

తమాషాగానే కొలిచాడు. ఎనభై రెండు సెంటీమీటర్లు.

"పుస్తకంలో రాసుకో."

"ఎక్కడ రాయమంటారు?"

"నిన్నటి లోతు పక్కన."

రాశాడు. ఇరవై మీటర్ల డెబ్భై, దాని పక్కన ఎనభై రెండు. కలం అక్కడే ఆగింది. రెండూ కలిపాడు. పోయినేటి అంకె చూశాడు. మళ్లీ కలిపాడు. పైకి వచ్చింది నీళ్లు కాదు. కిందికి వచ్చింది పైపు. నీళ్లు పన్నెండు సెంటీమీటర్లు దిగిపోయాయి.

చౌడప్ప సారు రెండో గ్లాసు మజ్జిగ అడిగి తీసుకున్నారు.

భార్గవ ఓబుళమ్మ దగ్గరికి వెళ్లాడు. అంత దగ్గరగా నిలబడితే ఆమె కూడా అతనికన్నా పొడుగే.

"మొక్కలు వద్దని ఆటోవాడికి ఫోన్ చెయ్యమ్మా. నీళ్లు పెరగలేదు. బెత్తెడున్నర తగ్గినాయి. నేనే తప్పు చెప్పినా."

ఆమె వాకిట్లోంచే కనబడుతున్న చేలో వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్న గుంతలను చూసింది. వాటిలో ఈ ఏటికి కంది గింజలు వేసుకుంటాలే అని, ఫోన్ కోసం లోపలికి వెళ్లబోయి గడప దగ్గర ఆగింది. కుండీ వైపూ, భార్గవ వైపూ మార్చిమార్చి చూసింది.

విద్యార్థుల్లో షాహీన్ అనే అమ్మాయి అన్నీ రాసుకునే రకం. కలం పట్టుకునే అడిగింది, "ఇంతకీ పైపు కోయించింది ఎవరు సార్?"

భార్గవ సారు వైపు చూశాడు. సారు గ్లాసులోకి చూసుకుంటున్నారు.

"పోయినేడు బకెట్ బోర్లించి, దానిమీద ఎక్కి నేను పైపులోకి తొంగిచూస్తుంటే మీ సీనియర్లు ఫోటో తీశారు" అన్నాడు భార్గవ. "వాట్సాప్ గ్రూపులో అందరూ చూసే ఉంటారు. మరుసటి రోజే ఈమెతో చెప్పాను, కోయించమని. నాకు అందడం లేదని."