పందికి కనపడని మాటు

ఊళ్ళో తెలివంతా తమ ఇంట్లోనే ఉందని తిమ్మక్కకూ, ఆమె కొడుకులు పెద్దోబులేసు, చిన్నోబులేసులకూ గట్టి నమ్మకం. వాడితే అరిగిపోతుందని కాబోలు, పాపం, ఎప్పుడూ బయటికి తీసింది లేదు.

వాళ్ళకున్నది ఒక్క వేరుశనగ చేను. ఏడాది తిండీ, నూనే, మళ్ళీ విత్తనమూ అన్నీ అందులోంచే రావాలి. సరిగ్గా కాయ ముదిరే వేళకి ఓ అడవిపంది ఆ చేనుకి మరిగింది. తిమ్మక్క గుండెలు బాదుకుంటూ వేట తెలిసిన తమ్ముడు గంగన్న దగ్గరికి పోయింది.

గంగన్న వచ్చి మేనల్లుళ్ళని కూర్చోబెట్టాడు. "చేలో మాటు కట్టి, లోపల దాక్కుని, బల్లెంతో పొడవండిరా. మాటు మీద మీ చేలో మొక్కే కప్పండి, పరాయి ఆకు వేస్తే పంది పసిగడుతుంది. మాటు చేలో కలిసిపోవాలి. పంది మీకు కనపడాలి గానీ, మీరు దానికి కనపడకూడదు."

అంతే. కర్రలు పాతి గుడిసె వేశారు. పక్క సాళ్ళు పీకి, కాయలతో సహా పైన కప్పారు. చిన్నోబులేసు గట్టెక్కి చూశాడు.

"అన్నా, గుడిసె పచ్చగా ఉంది, చుట్టూ నేల బోడిగా ఉంది. కలవలేదు."

"అయితే ఇంకా కప్పాలి," అన్నాడు పెద్దోబులేసు.

మళ్ళీ పీకారు. బోడి ఇంకా పెద్దదైంది. మళ్ళీ పీకారు. ఇంకేముంది, పొద్దు వాలేసరికి చేలో ఒక్క మొక్క లేదు, నడిమధ్యన గడ్డివామంత కుప్ప.

తిమ్మక్క వచ్చి చూసింది. "చేను ఏదిరా?"

"మాటు చేలో కలవలేదమ్మా. అందుకే చేనునే మాటులో కలిపేశాం."

"మేలు చేశారు. కాపలాకి ఒక్కచోటే ఉంది," అని గట్టు మీద కూర్చుంది. అన్నదమ్ములు బల్లేలు పట్టుకుని కుప్ప లోపలికి దూరారు.

పంది వచ్చింది. వెతుక్కునే పని కూడా లేదు దానికి. కరకరా నమలడం మొదలెట్టింది.

"అన్నా, తింటోంది. పొడవనా?"

"కనపడిందా?"

"ముక్కు కనపడింది."

"మామ పంది అన్నాడు, ముక్కు అన్నాడా? ఆగు."

ఆగారు. కాసేపటికి మాటు గోడ మొత్తం తినడం అయిపోయి, పంది నిండుగా ఎదురుగా నిలబడింది. ఇప్పుడు వీళ్ళు కూడా దానికి కనపడుతున్నారాయె. మామ వద్దన్నాడు కదా. అన్నదమ్ములు బల్లేలు ఒళ్ళో పెట్టుకుని గట్టిగా కళ్ళు మూసుకున్నారు.

తెరిచేసరికి కాయ లేదు. పంది కదల్లేక అక్కడే పడి గురక పెడుతోంది.

"అది కళ్ళు మూసుకుంది. ఇప్పుడు మనం దానికి కనపడం. మామ చెప్పినట్టే కుదిరింది," అని పెద్దోబులేసు బల్లెం ఎత్తాడు.

తిమ్మక్క పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. "నీ బుద్ధి తగలెయ్య, ఏడాది తిండి దాని కడుపులో ఉందిరా. చిల్లు పడితే అంతా కారిపోదూ?"

నిజమే కదా అనుకున్నారు. ఇంకో వేటగాడి కంట పడకుండా మిగిలిన తీగలన్నీ ఏరి పంది మీద కప్పారు.

తెల్లారి గంగన్న బల్లెం పట్టుకుని వచ్చాడు. బోడి చేలో అన్నదమ్ములిద్దరూ అటొకడు ఇటొకడు కాపలా. మధ్యలో తిమ్మక్క కొంగుతో ఈగలు తోలుతోంది. అతను నోరు తెరవబోతే ఆమె నోటి మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగారా తమ్ముడూ. పంట నిద్రపోతోంది."