నూకాలు దాచిన ముళ్ళు

అయిదు రోజులుగా ఒకటే ముసురు. కొండ మీద జంతువులన్నీ ఎక్కడివక్కడ ముడుచుకుని వానని తిట్టుకుంటూ కూర్చున్నాయి. తిట్టుకునే ఓపిక కూడా లేనిది ఒక్క ఏదుపంది నూకాలుకే. కానుగ చెట్టు కింద, బొరియలో, ఆమె మొగుడు గవరయ్య ఒళ్ళు కాలిపోతూ పడుకుని ఉన్నాడు.

ఏదుపందుల ఇళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. పొద్దు వాలేముందు ఇంటాయన గుమ్మంలోకి వచ్చి, బయటికి వీపు తిప్పి, ముళ్ళన్నీ నిక్కబొడిచి గలగలలాడిస్తాడు. ఇల్లు ఖాళీగా లేదు, ఒళ్ళు దగ్గర పెట్టుకోండి అని కొండకంతా చెప్పడమన్నమాట. గవరయ్య గలగల వినిపించి మూడు రోజులైంది. నూకాలు తన ముళ్ళు ఆడించి చూసింది గానీ, ఆమె చప్పుడు మరీ సన్నం. వాన హోరులో కలిసిపోయింది.

అంతకంటే ఆమెని భయపెట్టింది ఇంకొకటి. జ్వరానికి గవరయ్య ముళ్ళు రాలిపోతున్నాయి. పక్క సర్దినప్పుడల్లా నాలుగైదు దొరికేవి. వాటిని ఎండుటాకుల కింద దాచేసేది. ఆయన చూస్తే బెంగపడతాడని తనకి తాను చెప్పుకుంది గానీ, నిజానికి చూడలేనిది తనే.

"ఏవే, బయట ఎవరో ఏడుస్తున్నారు," అన్నాడు గవరయ్య కళ్ళు మూసుకునే.

"ఎవరూ కాదు. గాలి."

"నా కోసమేనేమో."

"నోరు మూసుకుని పడుకో. నీ కోసం ఏడవాలంటే నేనున్నాను. నాకే ఇంకా తీరిక దొరకలేదు."

కసిరిందే గానీ ఆమె చెవి ఆయన ఊపిరి మీదే ఉంది. ఆయన ఊపిరి తీస్తే తనూ తీసింది, ఆయనకి ఊపిరి ఆగితే తనకీ ఆగింది.

మధ్యాహ్నం వేళ గుమ్మంలో గొంతు వినబడింది. "చెల్లెమ్మా! ఇంట్లో ఉన్నావా?"

నక్క పాపయ్య. తోక తడవకుండా వీపు మీదికి మడిచి పెట్టుకున్నాడు. రోగిని చూడ్డానికి ఉత్తచేతులతో రాకూడదని ఒక దుంప కూడా నోట కరుచుకొచ్చి గుమ్మంలో పెట్టాడు.

"బావ గలగల వినబడక ప్రాణం ఉండబట్టలేదమ్మా. ఎలా ఉంది?"

మూడు రోజులుగా ఆ మాట అడిగినవాళ్ళు లేరు. నూకాలు గుమ్మంలోకి వచ్చేసింది.

"ఏం చెప్పను అన్నయ్యా! ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఏదీ మింగడు. ముళ్ళు కూడా రాలిపోతున్నాయి."

"ముళ్ళు రాలిపోతున్నాయా!" పాపయ్య నాలికతో మూతి తుడుచుకున్నాడు. "అయ్యో, అయ్యో. లేచి అటూ ఇటూ తిరగ్గలడా?"

"తలే ఎత్తలేడు."

"ఆ తల ఎటు పెట్టుకుని పడుకున్నాడు తల్లీ?"

"గుమ్మం వైపు. కాస్త గాలి ఆడుతుందని నేనే మార్చాను."

"మంచి పని చేశావు," అన్నాడు పాపయ్య. "దీనికి తిప్పతీగ ఒక్కటే మందు. ఏరు దాటి, ఆ పై గట్టు ఎక్కితే బోలెడంత ఉంది. నువ్వు వెళ్ళి తెచ్చుకో. వచ్చేదాకా నేను ఇక్కడే కాపలా ఉంటాను."

"ఏరు పొంగి పారుతోందట కదా అన్నయ్యా?"

"మొగుడు కావాలనుకుంటే ఏరు ఒక లెక్కా?"

ఆ మాటతో నూకాలు ఒప్పేసుకుంది. ఆయనకి చెప్పి బయల్దేరతానంది. పాపయ్య ఎదురుగా ఉన్న బండ కిందికి వెళ్ళి, తోక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

గుమ్మం పక్క రాయి కింద బోదురుకప్ప వీరాసామి కాపురం. వానంటే పండగ అతనికి. అంతా విని, బుగ్గలు పొంగించి అన్నాడు:

"పాపయ్యకి మీరంటే ఎంత అభిమానమో! సొంత మేనమామ పోతే వాన వెలిసేదాకా గడప దాటని మనిషి. మీ కోసం ఇంత వానలో వచ్చాడు చూడు!"

నూకాలు బండ వైపు చూసింది. తోక మీద చినుకు పడితే ఓర్చుకోలేనివాడు ఎందుకొచ్చాడు? మందు చెప్పేవాడికి తల ఎటుందో ఎందుకు? ముళ్ళు లేనిది అక్కడే కదా. అడిగినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ప్రతిదానికీ తను ఎంత చక్కగా జవాబు చెప్పిందో అదీ గుర్తొచ్చింది. మొగుణ్ణి తన చేత్తోనే విస్తట్లో వడ్డించేసింది.

లోపలికి పరిగెత్తింది. వెళ్ళకపోతే మందు లేదు. వెళితే మొగుడు ఉండడు. వెళ్ళకుండా కాపలా కూర్చున్నా, మూడు రోజుల నిద్ర బాకీ ఉన్న కళ్ళు ఏ క్షణాన మూతపడతాయో. బండ కింద కూర్చున్నవాడికి తొందరేమీ లేదు. భయంతో గుడ్డిగా అటూ ఇటూ తిరుగుతుంటే అరికాల్లో చురుక్కుమని దిగింది.

ఎండుటాకుల కింద దాచిన ముల్లు. లాగి చూసింది. రాలిపోయి రెండు రోజులైనా పదును ఇంత కూడా తగ్గలేదు.

నూకాలు కాసేపు ఆ ముల్లుకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆకులన్నీ తోసేసి, దాచినవన్నీ పోగుచేసింది. గవరయ్యని మెల్లగా లోపలికి జరిపి, తల గోడవైపు పెట్టింది. బొరియ మలుపు తిరిగే చోట, చీకటి చిక్కగా ఉన్న చోట, మొనలు గుమ్మం వైపు వచ్చేలా వాటిని తడి మట్టిలో దట్టంగా గుచ్చింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు గవరయ్య నీరసంగా.

"గుమ్మంలో నీ పని నేను చేస్తున్నాను. మాట్లాడకు."

బయటికొచ్చి కొండంతా వినబడేలా అరిచింది. "అన్నయ్యా, వెళ్ళొస్తాను! ఆయన్ని కనిపెట్టుకుని ఉండు!"

"నిశ్చింతగా వెళ్ళిరా తల్లీ!"

ఏటివైపు నాలుగడుగులు వేసి, పొద చాటున నక్కింది. వాన ముళ్ళ మీంచి ధారకట్టింది. మట్టి మరీ మెత్తబడి ముళ్ళు ఒరిగిపోతే? పాపయ్య ముందు కాలు పెట్టి తడిమి చూస్తే? గవరయ్య వాడి అడుగులు విని, తనే వచ్చిందనుకుని పిలిస్తే? తన తెలివే తన మొగుడి ప్రాణం తీస్తుందేమో!

పాపయ్య అటూ ఇటూ చూశాడు. లేచాడు. తోక ఎత్తిపట్టుకుని బొరియలో దూరాడు.

ఏ చప్పుడూ లేదు. ఇంకా లేదు. నూకాలు ఇక ఉండలేక లేచింది.

అప్పుడు వినబడింది కేక. గవరయ్యది కాదు.

ఒక్క పరుగున వెళ్ళి, వెనక్కి తిరిగి, ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని వీపుతో బొరియలోకి దూరింది.

"అమ్మో! నా మూతి! వెనకెవరది?"

"నేనే అన్నయ్యా. ఏరు పొంగుతుంటే తిరిగొచ్చేశాను."

"జరుగు తల్లీ! ముందూ ముళ్ళే, వెనకా ముళ్ళే!"

"జరుగుతాను. ముందు చెప్పు, ఏటి అవతల తిప్పతీగ ఉందా?"

నూకాలు ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"లేదు! లేదు! మీ ఇంటి మీదే ఉంది! కానుగ చెట్టుకే!"

"అబద్ధం. నాలుగేళ్ళుగా ఇక్కడే కాపురం చేస్తున్నాం."

"పుట్టినప్పటినుంచీ దుంపలు తవ్వుకునే జాతి, మీరు తలెత్తి చూసిందెప్పుడు? చూడమ్మా, ఒక్కసారి పైకి చూడు!"

నూకాలు బయటికొచ్చి తలెత్తింది. కానుగ కొమ్మల నిండా తీగ అల్లుకుని, దారాల్లాంటి వేళ్ళు కిందికి జారవిడిచి ఉంది. ఆమెకి సిగ్గూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పాపయ్య వెనక్కి పాకుతూ వచ్చాడు. మూతి నిండా గవరయ్య ముళ్ళు.

"నాకు అందదు. ఎగిరి లాగు."

"ఈ మూతితోనా?"

నూకాలు ముళ్ళు గలగలలాడాయి. పాపయ్య ఎగిరాడు. తీగ పట్టి లాగుతుంటే చేదు రసం పుండ్ల మీదికి కారి, కళ్ళ నీళ్ళు తిరిగాయి. తీగ కింద పడిందో లేదో, తోక బురదలో ఈడ్చుకుంటూ పారిపోయాడు.

నూకాలు తీగ నమిలి ఆ రసం గవరయ్య నోట్లో పోసింది. "చేదుగా ఉందే," అని మొహం చిట్లించాడు. చిట్లించే ఓపిక వచ్చినందుకు ఆమె అప్పుడు ఏడ్చింది, తీరిగ్గా.

రెండు రోజులకి జ్వరం జారింది. పాపయ్య పెట్టి వెళ్ళిన దుంపతోనే పథ్యం తీరింది. మూడో నాడు పొద్దు వాలేముందు, వాన ఇంకా పడుతుండగానే, గవరయ్య పెళ్ళాం ఆసరాతో గుమ్మంలోకి వచ్చి గలగలలాడించాడు.

"చప్పుడు పలచబడిందేం గవరయ్యా?" అన్నాడు వీరాసామి రాయి కిందనుంచి.

"మిగతావి పాపయ్య మూతి మీద ఉన్నాయిలే," అంది నూకాలు.

బెంగలో మనసు విప్పి చెప్పుకోవడం తప్పు కాదు. విప్పేముందు ఎదురుగా ఉన్నదెవరో చూసుకోకపోవడమే తప్పు.