గవరయ్య ఇంటి పన్ను

గవరయ్య ఇంట్లోవాళ్ళంత తెలివైనవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఈ మాట నాది కాదర్రా, వాళ్ళే చెప్పుకునేవాళ్ళు! ఉన్నది నలుగురు. గవరయ్య, పెళ్ళాం సింహాచలం, అక్క ఇంట్లోనే తిష్ఠ వేసిన బావమరిది అప్పలకొండ, ఆయాసంతో మంచం పట్టిన తల్లి నూకాలమ్మ. ముసలిదంటే అందరికీ ప్రాణం. "వానలో తడిసిందా, మనిషి దక్కదు" అని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ ఆవిణ్ణి గడప దాటనిచ్చేవాళ్ళు కాదు.

ఆ ఏడు సర్కారు నిధులు తగ్గించేసరికి పంచాయతీవాళ్ళు ఇంటిపన్ను మార్చారు. బిల్లు కలెక్టరు వచ్చి, "ఇకమీదట కప్పు ఎంతుంటే అంత పన్ను" అని చెప్పి వెళ్ళాడు.

అంతే! ఆయన వీధి మలుపు తిరక్కముందే అప్పలకొండ ఇంటిపైకెక్కాడు. పొద్దుగూకేసరికి పెంకులన్నీ పెరట్లో ఉన్నాయి.

"ఏం కొలుస్తాడో చూద్దాం బావా!"

"నీ బుర్రే బుర్ర!" అని గవరయ్య మురిసిపోయాడు.

ఇంకేముంది, వాన రానే వచ్చింది. "ఓరి నాయనో, అత్త తడిసిపోతోంది!" అని సింహాచలం మొత్తుకుంది. టార్పాలిన్ కడితే అదీ కప్పే కదా! అందుకని కట్టకుండా తలో మూలా చేత్తో పట్టుకు నిలబడ్డారు. నాలుగో మూలకి మనిషి లేక ముసలిదాన్నే లేపారు.

మర్నాడు బిల్లు కలెక్టరు చూసి నెత్తి బాదుకున్నాడు. "మీ తెలివి తగలెయ్య, ఆవిణ్ణి చంపేస్తారా? ముందు పెంకులు వేయండి! ఒంటరి ముసలావిడ ఉండే ఇంటికైతే పన్ను మాఫీ. మీరంతా ఉన్నారు, మీకెలా కుదురుతుంది?"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అంతే! సాయంత్రానికి పెంకులెక్కాయి. నూకాలమ్మను లోపల వెచ్చగా పడుకోబెట్టి, ముగ్గురూ బయటికొచ్చి వానలో నిలబడ్డారు.

"ఒరేయ్ గవరా, లోపలికి రండర్రా!"

"రాకూడదమ్మా, పన్ను పడిపోద్ది!"

బిడ్డలు తడుస్తుంటే ముసలిదానికి నిద్రెక్కడిది? కర్ర పట్టుకుని తనూ వానలోకి వచ్చేసింది.

గవరయ్య లబలబలాడాడు. "అయ్యయ్యో, ఇంట్లో ఒంటరి ముసలావిడ లేదే! మాఫీ పోయినట్టే!"

ఇంకేముంది, ముగ్గురూ ఎదురింటికి పరిగెత్తి, నిద్రపోతున్న ఎర్రమ్మవ్వను మంచంతో సహా మోసుకొచ్చి లోపల పెట్టి, తలుపు దగ్గరగా వేశారు.

నూకాలమ్మ వానలో దగ్గుతూ, తడిసిన కొంగు పిండుకుంటూ, "పాపం, ఆవిడకి దుప్పటి కప్పారా?" అంది.