చెయ్యెత్తే ముందు

అడిగింది నేనే తల్లీ, ఇంకెవరో కాదు. ఆ సాయంత్రం మీ తాతగారు ఒంట్లో బాగోక మగ్గాల షెడ్డులో మంచమ్మీద దిండుకి ఆనుకుని ఉన్నారు. మా పేటలో అన్నదమ్ముల తగువైనా, పెళ్లిమాటైనా ఆయన చెప్పిందే గదా. అందుకే అడిగాను, గురువుగారూ, మీ తర్వాత మేం ఎవరి మాట వినాలి, ఒక పేరు చెప్పండి అని. ఆయన సంగతి నీకు తెలీందేముంది, అడిగినదానికి ఎప్పుడు సూటిగా చెప్పారు? బళ్లో చరిత్ర చెప్పిన నోరాయె, కథెత్తుకున్నారు.

పూర్వం గ్రీకు దేశంలో ఓ రేవు ఊరంట. తాతల కాలం నించీ దొరల ఇళ్లదే పెత్తనం. పడవలోళ్లు, కుండలు చేసేవాళ్లు పోట్లాడి పోట్లాడి, ఇకమీదట మగాళ్లంతా గుట్టమీద కూడి చేతులెత్తి తీర్పు చెప్పాలని కట్టుబాటు తెచ్చుకున్నారు. మొదటి తీర్పే ఫిలోను అనే తెడ్డేసేవాడిది. వాడు ఓ ముసలి దొరగారి పనివాణ్ణి కొట్టాడు. ఫిలోనుని ఊరినించి వెళ్లగొట్టాలా, ఉండనివ్వాలా? ఇంటిదగ్గర పెళ్లాం నిండుచూలాలు. జనమంతా లోపల వాడి పక్షమే.

ఉండనిచ్చేవాళ్లు చెయ్యెత్తండి అన్నారు. ఒక్క చెయ్యి లేవలా. అందరూ మెడలు తిప్పి ఆ ముసలి దొర మొహం చూస్తున్నారు. ఆయన చెడ్డవాడేం కాదమ్మా. "నాకేసి చూడకండయ్యా, మీ ఇష్టం" అన్నాడు. ఆ మాటకి అర్థమేంటోనని ఇంకా చూశారు. కళ్లు మూసుకున్నాడు. అదుగో, కోపమొచ్చిందిరా అని గుసగుసలు. ఫిలోను సొంత తమ్ముడే చెయ్యి సగం లేపి, తల గోక్కుంటున్నట్టు దించేశాడంట.

అది చూసి దొర కర్ర పట్టుకుని లేచాడు. గుట్ట దిగిపోయాడు. వీపు కనపడినంతసేపూ చూశారు. ఇంక చూడ్డానికి ఎవరూ లేరు. అప్పుడు తమ్ముడు చెయ్యెత్తాడు. వాడి వెనకాల ఇంకోడు. కొందరు ఎత్తలేదు కూడా. ఎత్తినవాళ్లే ఎక్కువ, ఫిలోను ఊళ్లోనే ఉండిపోయాడు.

నాకు మనసాగక, పెద్ద తలకాయ లేకపోతే ఆ తర్వాత తప్పు తీర్పులు చెప్పలేదా అన్నాను.

"చెప్పారు. బోలెడు చెప్పారు. మళ్లీ కూచుని దిద్దుకున్నారు" అన్నారు.

మరి పేరు చెప్పలేదే అంటే, నవ్వి గోడవైపు తిరిగి పడుకున్నారు. సర్లే, పొద్దున మళ్లీ అడుగుదాం అనుకుని ఇంటికొచ్చాను.

తెల్లారేసరికి గురువుగారు లేరు.