లంగా కట్టిన సుంకన్న బొమ్మ

అనగనగా ఒక ఇసుక ఊరు. సగం ఇళ్ళు, సగం ఇసుక దిబ్బలు. గాలి గట్టిగా కొడితే దిబ్బ పక్కకి జరిగి కూర్చునేది. దారి కూడా అంతే, నిన్న ఉన్నచోట ఇవాళ ఉండేది కాదు. కొంచెం నువ్వూ జరుగు తల్లీ, దుప్పటి నాక్కూడా కావాలి. ఆఁ, అట్లా.

ఆ ఊరి మగవాళ్ళు గొర్రెల కాపర్లు. గడ్డి కోసం గొర్రెల్ని తోలుకుని దూరదేశం పోయేవాళ్ళు. పోయే ముందు ఎవరి బొమ్మ వాళ్ళే తుమ్మ మొద్దు మీద చెక్కి, దారి పక్కన రాతి గుంటలో నిలబెట్టేవాళ్ళు. బొమ్మ మొహం ఇసుక వైపు ఉంటే మనిషి ఇంకా రాలేదని. తిరిగొచ్చినవాడు దాన్ని వాటేసుకుని ఊరి వైపుకి తిప్పితే, వచ్చేశాడని. ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు.

తిప్పేసి ఇంటికి పరుగెత్తొచ్చా? ఊహూఁ. దిబ్బ వెనకే కూర్చోవాలి. ఇంట్లోవాళ్ళు బొమ్మను చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చి, కాళ్ళు కడిగి పిలుచుకుపోవాలి. పొద్దు గూకేలోపల నీళ్ళు రాకపోతే, ఆ ఇంట్లో తనకి చోటు లేదని అర్థం. లేచి, వచ్చిన దారినే పోవాలి.

ఒక కేక వేస్తే పోయేది కదా అంటావా? వెయ్యకూడదంట. ఎందుకో నాకూ తెలీదు.

ఆ ఊళ్ళో వన్నూరమ్మ అని నీ అంత పిల్ల. అది కడుపులో ఉండగానే వాళ్ళ నాయన సుంకన్న గొర్రెల్ని తోలుకుపోయాడు. వానల్లేక గడ్డి ముందుకు ముందుకు జరిగింది. సుంకన్న గడ్డి వెంట పోయాడు, పోయాడు, ఇంక రాలేదు. వన్నూరమ్మకి నాయనంటే ఆ మొద్దు బొమ్మే. రోజూ పోయి పలకరించేది. సంగటి ముద్ద చిదిమి మూతికి పెట్టేది.

అప్పుడు దానికి నాయనను సింగారించాలని బుద్ధి పుట్టింది. మగవాళ్ళని ఎట్లా సింగారిస్తారో దానికి తెలీదు, ఇంట్లో మగమనిషి లేడు కదా. వాళ్ళమ్మ లచ్చుమక్క పండగపూట తయారవడమే చూసింది. అందుకని మొహం నిండా పసుపు పూసింది. ఇంత బొట్టు పెట్టింది. గాజులు దారానికి గుచ్చి మెడలో వేసింది. తన పాత లంగా చుట్టింది.

"ఏమే, మీ నాయనకి లంగా కట్టినావా?" అని ఊరంతా నవ్వింది.

"మీకేం, నీడలో ఉంటారు. ఆయన ఎండకి కాగిపోతాండాడు" అంది వన్నూరమ్మ.

సుంకన్న పక్క బొమ్మ ఈరన్నది. ఈరన్న పోయిన చోటే చచ్చిపోయాడని వెంట పోయినవాళ్ళు వచ్చి చెప్పారు. వాళ్ళావిడ తిప్పక్క ఏడ్చి ఊరుకుంది. బొమ్మ మాత్రం ఇసుక వైపే చూస్తూ ఉండిపోయింది. తిప్పాల్సినవాడు లేడు కదా.

ఒకరోజు పొద్దున చూస్తే, ఈరన్న బొమ్మ ఊరి వైపు తిరిగి ఉంది!

ఊరంతా పోగైంది. "గాలికి తిరిగింటుంది" అన్నారు ఒకరు. గాలి ఆ ఒక్కదాన్నే తిప్పుతుందా? పక్కనున్న లంగా కుచ్చిళ్ళు కూడా చెదరలేదే! "గాడిద వచ్చి వీపు గోక్కునింటుంది" అన్నారు ఇంకొకరు. గాడిద గోక్కుంటే ఒరగాలి, ఇది నిట్టనిలువుగా ఉందే! అప్పుడు ఎవరో మెల్లిగా, "ఈరన్నే వచ్చినాడేమో" అన్నారు. అంతే. ఎవరిళ్ళలోకి వాళ్ళు దూరి తలుపులేసుకున్నారు.

పాపం తిప్పక్క. చెంబు నిండా నీళ్ళు ముంచుకుని గడపలో నిలబడింది.

"సచ్చినోడొస్తే నీళ్ళు తీస్కపోవల్లా, వద్దా? ఎవరన్నా చెప్పండమ్మా!"

"పోతే నిన్ను కూడా తీస్కపోతాడు తిప్పక్కా!" అని కిటికీలోంచి ఒకామె అరిచింది.

"తీస్కపోతే పోనీలే. పొయ్యి మీద పప్పుంది, అది దించి పోతా" అంది తిప్పక్క. పప్పు దించింది. మళ్ళీ గడపలోకి వచ్చింది. ఒక అడుగు వేసింది, వెనక్కి తీసింది. ఆ తర్వాత చెంబు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూలబడింది.

"అమ్మా, వచ్చింది మన నాయనేమో?" అంది వన్నూరమ్మ.

లచ్చుమక్క దిబ్బ వైపు చాలాసేపు చూసింది. "మన బొమ్మ తిరగలేదు కదా పాపా" అని లోపలికి పోయింది.

మధ్యాహ్నం దాటింది. దయ్యమొచ్చినా ఎవరొచ్చినా, నాయనకి సంగటి పెట్టాలి కదా. వన్నూరమ్మ దొంగచాటుగా పోయింది. మూతికి ముద్ద పెడుతూ కిందికి చూస్తే, ఈరన్న బొమ్మ మొదట్లో గొర్రె పెంటికలు. ఒకటి చిదిమి చూసింది. పచ్చిది!

దయ్యం గొర్రెలు పెంటికలు వేస్తాయా? నువ్వు చెప్పు. నాకేం తెలుసు, నేను చూశానా?

వన్నూరమ్మకీ తెలీలేదు. పొద్దు చూస్తే వాలిపోతోంది. పరుగెత్తుకుంటూ తిప్పక్క దగ్గరికొచ్చింది.

"అవ్వా, ఆ చెంబు ఇయ్యి."

"ఎవరికే?"

"తెలీదు."

"మీ బొమ్మ తిరిగిందా?"

"లేదు. కానీ ఆడ ఎవరో ఉన్నారవ్వా. పొద్దున్నుంచీ."

తిప్పక్క చెంబు ఇచ్చేసింది. దాన్ని పట్టుకుని వన్నూరమ్మ దిబ్బ ఎక్కుతుంటే సగం నీళ్ళు ఇసుకలోనే పోయాయి. అవతల చూస్తే, గడ్డమంతా నెరిసిన ఒక మనిషి, భుజాన కంబళి వేసుకుని, గొర్రెల్ని అదిలించుకుంటూ వెళ్ళిపోతున్నాడు.

"ఓ తాతా! ఆగు! నీళ్ళు!"

ఆయన ఆగాడు. "ఎవరింటి పాపవే నువ్వు?"

"సుంకన్న కూతుర్ని."

చేతిలో కర్ర కింద పడింది. "మరి... పొద్దున్నుంచీ ఎవరూ రాలేదే! బొమ్మ తిప్పినా కదా?"

"నువ్వు తిప్పింది ఈరన్న తాతది. మా నాయనది దాని పక్కది."

"ఆ పక్కనుండేది అమ్మవారు కదే! పసుపూ, బొట్టూ, లంగా..."

"అమ్మవారు కాదు. మా నాయన."

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. ఇసుక కొట్టి కొట్టి బొమ్మల మొహాలన్నీ ఒకటే మాదిరి అరిగిపోయాయి. చీకట్లో నడిచి తెల్లవారుతూ వచ్చినవాడు, అమ్మవారిని వదిలేసి, ఇసుక వైపు చూస్తూ మిగిలిన ఒక్కటీ తనదనుకున్నాడు. పైగా ఆ అమ్మవారికి సాష్టాంగపడి, నా పెండ్లాం నీళ్ళు తెచ్చేట్టు చూడు తల్లీ అని మొక్కుకున్నాడు కూడా. అప్పుడు మెల్లిగా తెలిసింది. "నాకు నేనే మొక్కుకుంటినా!" అని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు. అది నవ్వో ఏడుపో వన్నూరమ్మకి తెలీక బిక్కమొహం వేసింది.

"నేనే మీ నాయన్ని పాపా."

"నువ్వు కాదు. మా నాయనకి గడ్డం లేదు" అంది. అయినా వంగి, ఉన్న నీళ్ళు కాళ్ళ మీద పోసింది. ఒక కాలికే సరిపోయాయి.

రెండో కాలు ఎట్లా అని చూస్తుంటే, చెంబుతో దిబ్బెక్కిన కూతుర్ని చూసి కడవెత్తుకుని పరుగెత్తుకొచ్చింది లచ్చుమక్క. కూర్చుని రెండో కాలు కడిగింది. కడిగిందే కడిగింది. అప్పుడు నమ్మింది వన్నూరమ్మ.

ఆ తర్వాత సుంకన్న లంగా కట్టిన బొమ్మను వాటేసుకుని ఊరి వైపు తిప్పాడు. ఇక ఈరన్న బొమ్మ. తిప్పినవాడే దాన్ని మళ్ళీ ఇసుక వైపు తిప్పాలి కదా. చేతులు వేసి పట్టుకున్నాడు. ఈలోగా రొప్పుకుంటూ తిప్పక్క వచ్చింది.

"తప్పైపోయిందక్కా. తిప్పేస్తా ఉండు."

తిప్పక్క బొమ్మ మొహంలోకి చూసింది. "మా గడపలోంచి ఇన్నేండ్లూ దీని ఈపే చూసినా నాయనా. ఈ పూటకి ఉండనీ. రేపు తిప్పుదువులే" అంది. లచ్చుమక్క చేతిలోని కడవ తీసుకుని, మిగిలిన నీళ్ళు తనే ఆ మొద్దు మొదట్లో పోసింది.

ఆ రేపు ఇంకా రాలేదంట.

మరి ఈరన్న వచ్చినట్టా, రానట్టా? ఏమో తల్లీ. నన్నడిగితే నాకేం తెలుసు? కళ్ళు మూసుకో.

బొమ్మ ఊరికి తిరిగె,
గొర్రె దొడ్డిలో ఒరిగె,
కథ కంచి దారి పట్టె,
నా తల్లికి నిద్ర పట్టె.