తెనిన్ అవ్వ గోడ మన్ను

ఊ కొట్టేవాళ్ళు ఉన్నారా? ఉంటేనే చెప్తాను. మధ్యలో కునికిపాట్లు పడేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళొచ్చు, నాకేం కోపం లేదు.

తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల మాట. మాలి దేశంలో నైజరు అని ఒక పెద్ద ఏరుంది. ఆ ఏరు రెండు పాయలుగా చీలి మళ్ళీ కలిసే చోట సొరొబా అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో రాయి లేదు. చెట్లు తక్కువ. ఉన్నదల్లా మట్టి. ఇళ్ళు మట్టివే, గాదెలు మట్టివే, ఊరి నడుమ ఆకాశాన్నంటే మసీదు కూడా మట్టిదే. దాన్ని అందరూ పెద్దిల్లు అనేవారు. మూడు బురుజులు, ఒక్కో బురుజు కొసన ఒక నిప్పుకోడి గుడ్డు. గోడల్లోంచి తాటి దూలాలు వరసలు వరసలుగా బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. వాటిమీద కాళ్ళు మోపుతూ మనుషులు పైకి ఎక్కేవారు.

మట్టి ఇల్లంటే తెలుసుగా. ఒక వానాకాలం గడిస్తే పై పూత సగం కరుగుతుంది. మిగిలింది ఎండకి బీటలు వారుతుంది. అందుకని ఏటా వానలకి ముందు ఒక్క పొద్దుటిపూటలో ఊరు ఊరంతా కలిసి పెద్దింటికి కొత్త పూత మెత్తేది. ఆ పండగ చూసి తీరాలి. డప్పులు, పిల్లనగోవులు, తలలమీద నీళ్ళకుండలతో ఆడవాళ్ళు, మట్టి తట్టలతో పరిగెత్తే మగవాళ్ళు. ఒక పక్క ఏటిపేట, ఇంకో పక్క చేనుపేట. ఎవరి గోడ ముందు పూర్తయితే ఆ ఏడాది వాళ్ళదే పెద్ద నోరు. ఆ రెండు పేటలూ దేనికైనా పోటీ పడేవి. ఏట్లో మునకకి పోటీ, ముద్ద మింగడానికి పోటీ, చివరికి తుమ్మడానికి కూడా పోటీ.

ఇంత సంబరానికీ మట్టి ఎవరు సిద్ధం చేసేవాళ్ళు? తెనిన్ అవ్వ.

తెనిన్‌కి మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఏటి ఒడ్డున మట్టిగుంటల పక్కనే ఒంటిగది ఇల్లు. ఏటిమట్టి తెచ్చి గుంటలో పోస్తే, ఆవిడ అందులో వరి ఊక, తవుడు కలిపి, నీళ్ళు చల్లి, రోజూ తొక్కేది. మట్టి మాగాలి. మాగితేనే జిగురొస్తుంది, జిగురొస్తేనే గోడని పట్టుకుని ఉంటుంది. మాగిన మట్టి కంపు ఎలా ఉంటుందంటే, వద్దులెండి, మీరింకా అన్నాలు తినాలి. ఆ కంపు తెనిన్ ఒంటికి పట్టేసింది. పెళ్ళిళ్ళకి ఆవిణ్ణి పిలిచేవారు కాదు. ఎదురైతే ముక్కు మూసుకుని పక్కకి తప్పుకునేవారు. ఆవిడ ఏమీ అనేది కాదు, కానీ బాధపడేది. ఎందుకు పడదు, మనిషే కదా.

మట్టి మాగిందో లేదో చెప్పాల్సింది ఆవిడే. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. తర్వాత వేళ్ళమధ్య రాసి చూసేది. చివరికి గుంటలో మడమ దించి, పైకి లాగి చూసేది. ముక్కు, వేలు, మడమ, మూడూ సరేనంటేనే సరే. లేకపోతే ఒకటే మాట, "ఇంకా మాగలేదు."

ఇంకో సంగతి చెప్పాలి. పెద్ద గుంట పక్కన ఒక పాత గుంట ఉండేది. పోయినేడు మిగిలిన మట్టి అందులో నల్లగా, బంకగా పడుండేది. కొత్త మట్టి రాగానే తెనిన్ ఆ పాతదాంట్లోంచి తీసి కలిపేది, పాలకి తోడు వేసినట్టు. అదుంటేనే కొత్తది ఇరవై రోజుల్లో మాగేది. ఈ సంగతి ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు. ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి.

ఆ ఏడు ఏటి ఎగువనుంచి ఒక గొప్ప పండితుడు పండగ చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఊరు తుడవమన్నారు. అంతే, రెండు పేటలకీ పూనకం వచ్చింది. ఏటిపేటకి సెకూబా నాయకుడు, చేనుపేటకి మోదిబో. ఇద్దరూ కండలు తిరిగిన వాళ్ళు, ఇద్దరికీ ఆలోచన ఆఖరున వస్తుంది. ఏ పేట ఎక్కువ చెత్త ఏట్లో పారబోస్తే ఆ పేట గెలిచినట్టు. వీధులు తుడిచారు, పెంటలు ఎత్తారు, గొర్రెల దొడ్లు గీకారు. మధ్యాహ్నానికి లెక్క సమానం. ఇంక ఊళ్ళో కంపుకొట్టేది ఒక్కటే మిగిలింది. పాత గుంట.

రెండు పేటలూ ఒక్కసారే దానిమీద పడ్డాయి. తట్టలు, బుట్టలు, చేతులు, ఏది దొరికితే దాంతో తోడి ఏట్లో విసిరారు. అడుగు కనపడేదాకా గీకి, నీళ్ళుపోసి కడిగారు. చివరి తట్ట మాదంటే మాదని అరుచుకుంటూ ఉండగా తెనిన్ పడవ దిగింది. అవతలి ఒడ్డున ఊక ఏరుకుని వస్తోంది.

"చూశావా అవ్వా, నీ గుంట ఎంత శుభ్రంగా చేశామో," అన్నాడు సెకూబా.

తెనిన్ గుంటలోకి చూసింది. ఏటివైపు చూసింది. ఊక మూట నేలమీద పెట్టి, దానిమీదే కూలబడింది.

"అది చెత్త కాదు నాయనా. అది తోడు."

వాళ్ళకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా, మట్టే కదా, ఏట్లో కావలసినంత ఉందిగా అని నవ్వుకుంటూ పోయారు.

కొత్త మట్టి తెచ్చి పోశారు. తెనిన్ తొక్కింది. ఊక వేసింది, తవుడు వేసింది, తొక్కింది. ఇరవై రోజులయ్యాక పెద్దమేస్త్రీ బామోయె వచ్చాడు. ఊరి తాపీవాళ్ళందరికీ పెద్ద, మాట తక్కువ మనిషి. మట్టి మాగిందా అని అడిగాడు. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్ళతో రాసింది. మడమ దించి లాగింది.

"ఇంకా మాగలేదు."

ముప్ఫై రోజులయ్యాక మళ్ళీ వచ్చాడు. ముక్కు, వేలు, మడమ.

"ఇంకా మాగలేదు."

నలభయ్యో రోజున బామోయె ఒక్కడే రాలేదు, ఊరంతా వెంట వచ్చింది. తూర్పున మబ్బు లేచింది. ఎన్నడూ లేనిది నెల ముందే కప్పలు అరుస్తున్నాయి. పెద్దింటి గోడల బీటల్లో వేలు దూరుతోంది. ఒక్క గట్టి వాన కొడితే నీళ్ళు ఆ బీటల్లోకి దిగుతాయి. దిగితే గోడ లోపలినుంచి నానుతుంది. నానితే మూడు బురుజులూ కూర్చుంటాయి. తాతలు కట్టింది తమ చేతుల్లో పోతుంది. అందరి మొహాల్లోనూ ఆ భయమే ఉంది.

ముక్కు, వేలు, మడమ. తెనిన్ తల అడ్డంగా ఊపింది. "ఇంకా మాగలేదు."

ఇంక జనం ఊరుకుంటారా. ముసలిదానికి ముక్కు పోయిందన్నారు. కావాలనే పగ తీర్చుకుంటోందన్నారు. ఉన్న మట్టితోనే మెత్తేద్దామని మోదిబో తట్ట ఎత్తాడు. తెనిన్ గుంటలోంచి ఒక ముద్ద తీసి, పక్కనున్న పాత గోడకి జానెడు మేర మెత్తి, ఆరనిచ్చింది. ఎండ తీక్షణంగా ఉంది, ఎంతోసేపు పట్టలేదు. తర్వాత కుండెడు నీళ్ళు పోసింది. పూత చెమ్మగిల్లింది. రెండో కుండ పోసింది. అంచులు లేచాయి. మూడో కుండ పోసేసరికి జానెడు పూతా జారి ఆవిడ పాదాల మీద పడింది. మోదిబో తట్ట దించాడు. మబ్బు ఉరిమింది.

తెనిన్ ఇంటికి వచ్చింది. కాళ్ళు కడుక్కుందామని గుమ్మం దగ్గర నీళ్ళు పోసుకుంటే కాసిని చింది గోడమీద పడ్డాయి. తడిసిన చోటునుంచి గుప్పుమని కంపు.

ఆవిడ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఇంకాసిని నీళ్ళు గోడమీద చల్లింది. వంగి ముక్కు ఆనించింది. వేళ్ళతో రాసింది. మాగిన మట్టి! ముప్ఫై ఏళ్ళుగా పండగ అయిపోయాక గుంట అంచుల్లో మిగిలింది గీకి ఆవిడ తన ఇంటికే మెత్తుకుంటూ వచ్చింది. పొరమీద పొర, మూరెడు మందం. తోడు ఏట్లో కొట్టుకుపోయిందని నలభై రోజులు ఏడుస్తూ ఆ తోడులోనే పడుకుంది ఆవిడ.

ఆవిడకి పట్టలేనంత సంతోషం, కానీ అది సగమే. రెండో సగం వేరు. ఆ గది మొగుడు కట్టింది. కట్టిన రోజున లోపలి గోడకి అరచెయ్యి అద్ది, ఇదే మన గుర్తు అన్నాడు. ఆవిడకి మిగిలినవి ఆ చెయ్యీ ఆ గదీ. బయట మబ్బు. కూల్చుకుంటే తలదాచుకునే చోటు లేదు. తెనిన్ గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. తర్వాత పార తీసుకుంది.

దబ్బుమన్న చప్పుడుకి బామోయె పరిగెత్తుకొచ్చాడు. ముందుగోడ అప్పటికే సగం లేదు.

"ఏం చేస్తున్నావు తెనిన్?"

"తోడు తవ్వుతున్నాను మేస్త్రీ. నిలబడి చూడకపోతే ఒక చెయ్యి వెయ్యి."

"వానలొస్తున్నాయి. నువ్వెక్కడుంటావు?"

"ముందు అది ఉండాలి కదా," అని పెద్దింటివైపు గడ్డంతో చూపించింది.

బామోయె పంచె పైకి దోపుకుని పార అందుకున్నాడు. కబురు క్షణంలో ఊరంతా పాకింది. ఏటిపేట వచ్చింది, చేనుపేట వచ్చింది. పెళ్ళలు గుంటకి మోశారు. లోపలి గోడ దగ్గరికి వచ్చేసరికి సెకూబా ఆ అరచేతి గుర్తు చూసి ఆగిపోయాడు. అంత మనిషికీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెనిన్ అతన్ని పక్కకి జరిపి, ఆ పెళ్ళని తనే ఊడదీసి, తనే మోసుకెళ్ళి, తనే గుంటలో వేసి తొక్కింది.

ఒకరోజు తొక్కారు. రెండ్రోజులు తొక్కారు. ఇన్నాళ్ళూ ముక్కులు మూసుకున్న వాళ్ళంతా మోకాలిలోతు బురదలో దిగి తొక్కారు. మూడోరోజు తెల్లవారగానే ఊరంతా గుంట చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడింది. తెనిన్ ముక్కు దగ్గర పెట్టుకుంది. వేళ్ళమధ్య రాసింది. మడమ దించింది. లాగితే రాలేదు. గట్టిగా లాగితే చప్పుడు చేస్తూ వచ్చింది.

"మాగింది!"

ఇంక చూడండి. డప్పు మోగింది. తట్టలు లేచాయి. గుంటనుంచి పెద్దింటిదాకా మనుషుల వరద. కుర్రవాళ్ళు తాటి దూలాలమీద ఉడతల్లా ఎగబాకారు. కిందివాడు పైవాడికి, పైవాడు ఆ పైవాడికి, ముద్దలు చేతులు మారుతూ ఎగిరాయి. ఆడవాళ్ళు పాడుతూ నీళ్ళు మోశారు. ఎవరు ఏటిపేటో ఎవరు చేనుపేటో మట్టిలో తెలియలేదు. మొదటి బురుజు అయింది. రెండో బురుజు అయింది. మూడో బురుజు కొసన బామోయె చివరి ముద్ద రాసి అరచేత్తో నున్నగా దిద్దాడు. ఆ మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరిగి పూతని ఆరబెట్టింది. సాయంత్రం మొదటి చినుకు పడింది.

వాన ఒకరోజు కురిసింది. రెండ్రోజులు కురిసింది. మూడ్రోజులు కుండపోతగా కురిసింది. నీళ్ళు గోడలమీద జారిపోయాయే కానీ చెంచాడు మట్టి కూడా రాలలేదు.

ఆ సంబరంలో తెనిన్ సంగతి ఎవరికీ గుర్తులేదు. సిగ్గుపడాల్సిన మాటే, అయినా జరిగింది ఇదే. మూడోరోజు బామోయెకి చురుక్కుమంది. వెతుక్కుంటూ వెళ్తే పెద్దింటి వాకిట్లో, చూరుకింద మూటలా కూర్చుని ఉంది. ఒళ్ళంతా తడిసింది. పూతమీద నీళ్ళు జారడం చూస్తూ నవ్వుకుంటోంది.

"నీ ఇల్లు తీసేసుకున్నాం తెనిన్," అన్నాడు బామోయె.

"ఎక్కడికి పోయింది మేస్త్రీ? ఎదురుగానే ఉందిగా."

వానలు వెనకబట్టాక రెండు పేటలూ ఆవిడకి ఇల్లు కట్టాయి. ఎవరు కట్టాలని కొట్టుకుని, చివరికి చెరి సగం కట్టాయి. నడుమ గోడ వంకరగా కలిసింది. ఆ వంకర ఇంట్లో తెనిన్ ఇంకో పదకొండేళ్ళు బతికింది. పదకొండేళ్ళూ ఊళ్ళో మొదటి పెళ్ళిపిలుపు ఆవిడకే. వెళ్ళి పీటమీద కూర్చునేది, పక్కన కూర్చోడానికి జనం తోసుకునేవారు.

ఒక చలికాలం ఆవిడ పోయింది. ఆ వేసవిలో కొత్త మట్టి గుంటలో పోశారు. పాత గుంటలో తోడు నిండుగానే ఉంది, కలిపారు. అయినా ఎవరికీ చేతులు ఆడలేదు, గుంట చుట్టూ ఊరికే నిలబడ్డారు. అప్పుడు బామోయె కర్ర ఊతంతో ఇంటికి నడిచి వెళ్ళాడు. తన పడకగది గోడలోంచి పిడికెడు మన్ను పెళ్ళగించాడు. తెచ్చి గుంటలో వేశాడు. అది చూసి సెకూబా ఇంటికి పరిగెత్తాడు, వెనకాలే మోదిబో. పొద్దువాలేసరికి ఊళ్ళో పిడికెడు మన్ను ఇవ్వని ఇల్లు లేదు.

ఇప్పటికీ సొరొబాలో అంతే. పండగకి ముందు ప్రతి ఇంటివాళ్ళూ సొంత గోడలోంచి పిడికెడు తీసి గుంటలో వేస్తారు. గొప్పలు పోయేవాడు కనపడితే, నీ గోడ మన్ను వేశావా అని అడుగుతారు. ఇల్లు లేనివాళ్ళని పొరుగువాళ్ళు పిలిచి, మా గోడలోంచి తీసుకో అంటారు. తీసిన చోట బొరియని వెంటనే పూడ్చరు. తొలివాన వెలిసి, పెద్దిల్లు చెక్కుచెదరలేదని చూసి వచ్చాకే పూడుస్తారు.

అందుకని తొలివానకి ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోకీ కాసిని నీళ్ళు వస్తాయి. పక్క తడిసిందని పిల్లలు గొణుగుతారు. తల్లి వాళ్ళని దగ్గరికి లాక్కుని, "ఓర్చుకో తల్లీ, తెనిన్ అవ్వ ఈ వానంతా బయటే ఉంది," అంటుంది.